హెపారిన్‌కి ముందు ఒక్క నీలం మూత ట్యూబు: పిల్లల డాక్టర్లకు, ఆరోగ్య శాఖలకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని పిల్లల డాక్టర్లకు, జిల్లా ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు, రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖల అధికారులకు నమస్కారం.

నేను డాక్టర్‌ని కాదు. ఒక జిల్లా కేంద్రంలో డయాగ్నొస్టిక్ సెంటర్‌లో లాబ్ టెక్నీషియన్‌ని. రక్తం తీయడం, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పడం, రిపోర్టు తయారుచేసి పాథాలజిస్టు గారి సంతకానికి పంపడం నా పని. జబ్బుల గురించి మీకు పాఠం చెప్పేంతదాన్ని కాదు. కానీ క్లాట్ (రక్తనాళంలో గడ్డ) వచ్చిన పిల్లల శాంపిల్ మా దగ్గరికి ఎప్పుడొస్తోంది, ఏ స్థితిలో వస్తోంది, చీటీ మీద ఏం రాస్తున్నారు, ఏం రాయడం లేదు అన్నది కౌంటర్ ఇవతల నిలబడే మాకు బాగా కనిపిస్తుంది. అదే రాస్తున్నాను.

అడిగేది ఒక్కటే. పైకి కారణమేదీ కనపడకుండా ఒక పిల్లకో పిల్లాడికో ఎక్కడైనా రక్తం గడ్డకడితే, ముఖ్యంగా పదేళ్లు దాటిన ఆడపిల్లకైతే, ఇది లూపస్‌కి, అంటే మన రోగనిరోధక శక్తే మన ఒంటి మీద తిరగబడే జబ్బుకి, మొదటి గుర్తేమో అని అనుమానించండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందు మొదలుపెట్టే ముందే రక్తం తీయించి పెట్టండి. రిపోర్టు వచ్చేదాకా మందు ఆపమనడం లేదు. ముందు ట్యూబు, వెంటనే మందు. రెండింటికీ మధ్య ఐదు నిమిషాలు చాలు.

పిల్లల్లో క్లాట్ అరుదు. వచ్చినా చాలాసార్లు కారణం ఎదురుగానే ఉంటుంది. ఐసీయూలో పెద్ద సిరలోకి వేసిన గొట్టం (సెంట్రల్ లైను), ముదిరిన ఇన్ఫెక్షన్, పుట్టుకతో ఉన్న గుండె లోపం, బ్లడ్ క్యాన్సర్, ఇలాంటివి. నేను రాస్తున్నది ఆ పిల్లల గురించి కాదు. నిన్నటిదాకా బడికి వెళ్లొచ్చిన పిల్లకి ఒక్క కాలే వాస్తుంది. లేదా రోజుల తరబడి తలనొప్పి, వాంతులు, చూపు మసక. మైగ్రేన్ అని కొన్నాళ్లు, కళ్లద్దాలు మార్చాలని కొన్నాళ్లు తిరిగాక ఎమ్మారై వీనోగ్రామ్ తీస్తే మెదడు సిరలో క్లాట్. ఇంకో పిల్లాడికి ఉన్నట్టుండి మూతి వంకరపోయి చెయ్యి పడిపోతుంది. ఈ పిల్లల ఫైళ్ల మీదే చివరికి 'కారణం తెలియలేదు' అని పడుతుంది. మూడు నెలలు మాత్రలు వాడి ఆపేస్తారు. ఫైలు మూసేస్తారు.

లూపస్ పేషెంట్లలో 10 నుంచి 20 శాతం మందికి జబ్బు చిన్నతనంలోనే మొదలవుతుంది. పెద్దవాళ్లలో కంటే పిల్లల్లో తీవ్రంగా ఉంటుంది, కిడ్నీల మీదికి తొందరగా వెళ్తుంది. మొదట కనపడేది బుగ్గల మీద సీతాకోకచిలుక ఆకారంలో ఎర్రటి మచ్చ, కీళ్ల నొప్పులు, వదలని జ్వరం అని పుస్తకాల్లో ఉంటుంది. చాలామందిలో అలాగే వస్తుంది కూడా. కొందరిలో మాత్రం అవేవీ లేకుండా ముందు క్లాటే వస్తుంది. మిగతా లక్షణాలు నెలల తర్వాతో, ఏళ్ల తర్వాతో తీరిగ్గా బయటపడతాయి. కొన్ని రకాల యాంటీబాడీల వల్ల క్లాట్లు కట్టే జబ్బుని యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అంటారు. అది ఉన్న పిల్లల మీద వేర్వేరు దేశాల డాక్టర్లు కలిసి నడిపిన రిజిస్ట్రీ ఫలితాలు 2008లో వచ్చాయి. అందులో 121 మంది పిల్లలు. జబ్బు మొదలైన సగటు వయసు పదకొండేళ్లకు కాస్త లోపే. వాళ్లలో దాదాపు సగం మందికి లూపస్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బు కూడా ఉంది.

ఒక కేసు చెబుతాను. పేర్లు, ఊరు వద్దు.

ఎనిమిదో తరగతి పిల్ల. ఎడమ పిక్క వాచింది. ఆర్ఎంపీ దగ్గర కండ పట్టేసిందని ఇంజెక్షన్ చేశారు. తగ్గకపోతే ఒక క్లినిక్‌లో చర్మానికి ఇన్ఫెక్షన్ అన్నారు, యాంటీబయోటిక్స్ రాశారు. వాపు తొడదాకా పాకాక ఒక ఆసుపత్రిలో డాప్లర్ (రక్తనాళాల స్కాన్) తీస్తే పెద్ద సిరలో క్లాట్. మందు మొదలుపెట్టే ముందు చేయాలి కాబట్టి రక్తం ఎన్ని సెకన్లలో గడ్డకడుతుందో చూసే పీటీ, ఏపీటీటీ పరీక్షలు మాకు పంపారు. పీటీ మామూలుగానే ఉంది. ఏపీటీటీ కంట్రోల్ (పోల్చి చూసే మామూలు శాంపిల్) 30 సెకన్లుంటే పాపది 64. మళ్లీ పెట్టాను, అంతే వచ్చింది. ట్యూబు గీతదాకా నిండింది. అడుగున గడ్డలేమీ లేవు. హెపారిన్ లైను నుంచి గానీ తీశారా అని ఫోన్ చేసి అడిగితే, ఇంకా ఏ మందూ ఇవ్వలేదన్నారు.

రిపోర్టు వెళ్లాక అక్కడ వేరే లెక్క వేశారు. ఏపీటీటీ ఎక్కువుంది అంటే రక్తం పలచగా ఉన్నట్టు, హెపారిన్ ఇస్తే బ్లీడింగ్ అవుతుందేమో అని హెపారిన్ ఆపారు. పైగా ఏపీటీటీని కిందికి దించడానికి ప్లాస్మా (కణాలు తీసేశాక మిగిలే రక్త ద్రవం) ఎక్కించారు. క్లాట్ ఉన్న పిల్లకి! రిపీట్ శాంపిల్‌తో పాటు వచ్చిన తల్లి కౌంటర్ దగ్గర నన్నడిగింది: "మేడమ్, రక్తం పలచబడింది అంటున్నారు, మళ్లీ కాల్లో గడ్డ కట్టింది అంటున్నారు. రెండూ ఒక్క పిల్లకే ఎలాగవుతాయండీ?"

అసలు ప్రశ్న అదే. ఆమె ఐదో తరగతి దాకా చదువుకుంది. ఆ ప్రశ్న కేస్ షీటు మీద ఎవరూ రాయలేదు.

రెండూ ఒక్క మనిషికి అవుతాయి. రక్తం గడ్డకట్టే ప్రక్రియ నడవడానికి ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు పదార్థం ఆధారంగా ఉండాలి. ఏపీటీటీ చేసేటప్పుడు రీఏజెంట్‌తో పాటు ఆ ఫాస్ఫోలిపిడ్‌ని మేమే ప్లాస్మాలో కలుపుతాం. లూపస్ యాంటీకోయాగ్యులెంట్ అనే యాంటీబాడీలు ఉన్న ప్లాస్మాలో అవి వెళ్లి ఆ ఫాస్ఫోలిపిడ్‌ని పట్టేసుకుంటాయి. గడ్డకట్టడానికి ఆధారం దొరకదు, ఆలస్యమవుతుంది. మెషీన్ సెకన్లు పెరిగాయని చూపిస్తుంది. ఇదంతా గాజు గొట్టంలో జరిగే సంగతి. ఒంట్లో అవే యాంటీబాడీలు రక్తనాళాల లోపలి పొరను, ప్లేట్‌లెట్లను రెచ్చగొట్టి గడ్డలు కట్టిస్తాయి. అందుకే క్లాట్ ఉన్న పిల్లలో, ఏ మందూ మొదలుపెట్టకముందే ఏపీటీటీ పెరిగి ఉంటే భయపడాల్సింది బ్లీడింగ్ గురించి కాదు, ఇంకో క్లాట్ గురించి. ఈ యాంటీబాడీలు ఉండి నిజంగానే రక్తస్రావమయ్యే పిల్లలూ చాలా అరుదుగా ఉంటారు, గడ్డకట్టించే ప్రోత్రాంబిన్ అనే ప్రొటీన్ పడిపోవడం వల్ల. వాళ్లలో పీటీ కూడా పెరుగుతుంది. ఈ పాపకి పీటీ మామూలుగా ఉంది కదా.

ఇది కొత్తగా కనిపెట్టిందేం కాదు. లూపస్ పేషెంట్ల రక్తంలో ఇలాంటి వింత పదార్థం ఉందని అమెరికాలో కాన్లీ, హార్ట్‌మన్ 1952లోనే రాశారు. క్లాట్లకీ దీనికీ ఉన్న సంబంధాన్ని లండన్‌లో గ్రాహమ్ హ్యూస్ 1983లో ఒక సిండ్రోమ్‌గా వివరించారు. మా టెక్నీషియన్ కోర్సులో కూడా ఒక పేరా ఉంది.

తేల్చుకునే మొదటి మెట్టు మా దగ్గరే, ఏ జిల్లా లాబ్‌లోనైనా చేయొచ్చు. దాన్ని మిక్సింగ్ స్టడీ అంటాం. పేషెంటు ప్లాస్మా సగం, ఆరోగ్యవంతుల ప్లాస్మా సగం కలిపి ఏపీటీటీ మళ్లీ పెట్టాలి. పేషెంటు రక్తంలో ఏదో ఒక ఫ్యాక్టర్ (గడ్డకట్టించే ప్రొటీన్) తక్కువైతే, కలిపిన ప్లాస్మా ఆ లోటు పూడ్చేస్తుంది, సెకన్లు మామూలుకి దిగుతాయి. అడ్డుపడే యాంటీబాడీ ఉంటే అది మంచి ప్లాస్మానీ అడ్డుకుంటుంది, సెకన్లు దిగవు. ఆ పాపది దిగలేదు. చీటీలో ఎవరూ అడగకపోయినా పాథాలజిస్టు గారిని ఒప్పించి పెట్టాను. ఆ ఫలితం పట్టుకునే వాళ్లు హైదరాబాద్ వెళ్లారు. అక్కడ మొదటిరోజే మూత్ర పరీక్ష చేస్తే ప్రొటీన్ మూడు ప్లస్సులు. లూపస్ అనుమానం ఉంటే చేసే యాంటీబాడీ పరీక్ష ఏఎన్ఏ పాజిటివ్. లూపస్. కిడ్నీ అప్పటికే దెబ్బతినడం మొదలైంది.

మా దగ్గరికి ఆ పాప పేరు మీద వచ్చిన బిల్లులన్నీ తర్వాత చూశాను. టైఫాయిడ్‌కి చేసే వైడల్ ఉంది, డెంగీ ఉంది, యూరిక్ యాసిడ్ కూడా ఉంది. సీయూఈ, అంటే మూత్ర పరీక్ష, లేదు. వంద, నూటయాభై రూపాయల పరీక్ష. కిడ్నీ నుంచి ప్రొటీన్ పోతుంటే దాంతోపాటు క్లాట్‌ని ఆపే యాంటీత్రాంబిన్ కూడా పోతుంది, అందువల్ల కూడా క్లాట్లు వస్తాయి. అంటే క్లాట్ వచ్చిన ప్రతి పిల్లకీ మూత్రం చూడటానికి ఒకటి కాదు, రెండు కారణాలున్నాయి.

సీబీపీ (రక్తకణాల లెక్క) రిపోర్టులో కూడా ఆనవాళ్లుంటాయి. ప్లేట్‌లెట్లు లక్షకి అటూ ఇటూ తగ్గితే మన దగ్గర అందరికీ ముందు డెంగీయే గుర్తొస్తుంది. వానాకాలంలో అది సహజమే. కానీ ప్లేట్‌లెట్లు తక్కువుండి, అదే పిల్లకి క్లాట్ కూడా ఉంటే? ప్లేట్‌లెట్లు తగ్గితే రక్తం కారాలి గానీ గడ్డకట్టడమేంటి అని ఒక్క క్షణం ఆగాల్సిన చోటది. తెల్లకణాలు తగ్గడం, హిమోగ్లోబిన్ పడిపోవడం, ఇవన్నీ ఒకే కాగితం మీద పక్కపక్కనే ఉంటాయి. ఒక్కో అంకెకి ఒక్కో మందు రాస్తే ఐరన్ సిరప్ ఒకటి, బొప్పాయి ఆకు రసం ఒకటి మిగులుతాయి. ఇంకొకటి. సిఫిలిస్ అనే సుఖవ్యాధికి చేసే వీడీఆర్‌ఎల్ పరీక్షలో వాడే పదార్థం కూడా కార్డియోలిపిన్ అనే ఫాస్ఫోలిపిడే, కాబట్టి ఈ పిల్లల్లో కొందరికి అది అబద్ధపు పాజిటివ్ వస్తుంది. పదమూడేళ్ల పిల్లకి ఆ రిపోర్టు చూసి ఇంట్లో వాళ్లని నిలదీసే ముందు ఈ సంగతి గుర్తుచేసుకోండి, దయచేసి.

ఇక శాంపిల్ సంగతి. ఇక్కడ కాస్త విసుగు పుట్టించినా వివరంగా చెప్పాలి, ఎందుకంటే పొరపాట్లన్నీ ఇక్కడే జరుగుతున్నాయి. లూపస్ యాంటీకోయాగ్యులెంట్ పరీక్షకి నీలం మూత సిట్రేట్ ట్యూబు కావాలి, గీతదాకా నిండాలి. సగం నింపి పంపితే సిట్రేట్ ఎక్కువై సెకన్లు ఊరికే పెరుగుతాయి. ప్లాస్మాని రెండుసార్లు తిప్పి ప్లేట్‌లెట్లు దాదాపు లేకుండా చేయాలి. ప్లేట్‌లెట్లు మిగిలితే వాటి ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీని మింగేసి, ఉన్న జబ్బు లేనట్టు చూపిస్తుంది. నాలుగు గంటల్లో పరీక్ష చేయాలి, లేదంటే ప్లాస్మా వేరుచేసి డీప్ ఫ్రీజ్ చేసి పంపాలి. మామూలు ఐస్ ప్యాక్ మీద ట్యూబుని ట్యూబులాగే బస్సులో హైదరాబాద్ పంపితే వచ్చే రిపోర్టుకి విలువ లేదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందులు హెపారిన్, వార్ఫరిన్, రివరాక్సబాన్ అన్నీ ఈ పరీక్షని తారుమారు చేస్తాయి. కానీ మందు మొదలైపోయిందని వదిలేయొద్దు. ఇదే కోవకి చెందిన మిగతా రెండు రకాలు, యాంటీకార్డియోలిపిన్, బీటా-2 గ్లైకోప్రొటీన్ యాంటీబాడీల పరీక్షలు, గడ్డకట్టే సెకన్లతో పనిలేని ఎలైసా పద్ధతిలో చేస్తాం. వాటికి హెపారిన్ అడ్డం కాదు. అవైనా వెంటనే పంపండి.

మాకు ఎక్కువగా వచ్చేదేమో 'థ్రాంబోఫీలియా ప్రొఫైల్', అంటే పుట్టుకతోనే క్లాట్ కట్టే గుణం ఉందేమో చూసే పరీక్షలు. క్లాట్ వచ్చి, హెపారిన్ నడుస్తుండగా క్లాట్‌ని ఆపే ప్రొటీన్ సి, ప్రొటీన్ ఎస్, యాంటీత్రాంబిన్ అడుగుతారు. క్లాట్ తాజాగా ఉన్నప్పుడు అవి ఎలాగూ తగ్గుతాయి. తగ్గాయని చూసి పిల్లకి పుట్టుకతో వచ్చిన లోపమని రాసేస్తారు. తల్లిదండ్రులు వేలకు వేలు కట్టి, లేని జబ్బు పేరు పట్టుకుని ఇంటికెళ్తారు. ఉన్న జబ్బుని ఎవరూ వెతకరు.

మందు విషయంలో నోరు విప్పడానికి నాకు అర్హత లేదని తెలుసు. అయినా ఒక్క మాట. పిల్లల క్లాట్లకి ఇప్పుడు రివరాక్సబాన్ వస్తోంది. వార్ఫరిన్‌కి లాగా మాటిమాటికీ ఐఎన్ఆర్ రక్తపరీక్షల బాధ లేదు కాబట్టి తల్లిదండ్రులకి సుఖం. కానీ మూడు రకాల యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలూ పాజిటివ్ ఉన్న పెద్దవాళ్లలో వార్ఫరిన్‌తో పోల్చి చూసిన ట్రయల్ 2018లో వచ్చింది. రివరాక్సబాన్ వాడినవాళ్లలో స్ట్రోకులు, గుండెపోట్లు ఎక్కువయ్యాయని దాన్ని మధ్యలోనే ఆపేశారు. మరుసటి ఏడాది యూరప్ మందుల సంస్థ కూడా హెచ్చరిక ఇచ్చింది. అంటే యాంటీబాడీల పరీక్ష చేయకపోతే ఏ మాత్ర ఇవ్వాలో, ఎన్నాళ్లివ్వాలో కూడా సరిగా తేలదు. లూపస్ అని తెలిస్తే హైడ్రాక్సీక్లోరోక్విన్ లాంటి లూపస్ మందులు తోడవుతాయి, మూడు నెలలకి మందు ఆపే ప్రశ్నే రాదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. జలుబు, గొంతు ఇన్ఫెక్షన్, ఆటలమ్మ వచ్చిపోయిన పిల్లల్లో కూడా ఈ యాంటీబాడీలు కొన్నాళ్లు కనిపించి పోతాయి. టాన్సిల్స్ ఆపరేషన్‌కి ముందు చేసిన ఏపీటీటీ పెరిగి, ఏ హానీ లేకుండా సర్దుకున్న పిల్లలెందరో. అందుకే మొదటి పాజిటివ్‌తో ముద్ర వేయకూడదు, 12 వారాల తర్వాత మళ్లీ చేసి చూడాలి. ఏఎన్ఏ కూడా తక్కువ మోతాదులో ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో చాలామందికి వస్తుంది. కాళ్లు నొప్పులన్న ప్రతి పిల్లకీ ఏఎన్ఏ రాసి ఇంటిల్లిపాదికీ టెన్షన్ పెట్టమని నేననడం లేదు. క్లాట్ వచ్చిన పిల్లకి రాయమంటున్నాను. ఏఎన్ఏ నెగటివ్ వచ్చి, క్లాట్ యాంటీబాడీలు మాత్రం పాజిటివ్ ఉంటే ఫైలు మూయొద్దంటున్నాను. ఆ పిల్లని మూడు నెలలకోసారి పిలిచి బీపీ, సీయూఈ, సీబీపీ చూస్తే చాలు. లూపస్ వచ్చేదుంటే అక్కడే ముందుగా దొరుకుతుంది.

ఆడపిల్లల తల్లులకి డిశ్చార్జి రోజున ఒక మాట తప్పకుండా చెప్పండి. ఇంట్లో వ్రతమో పెళ్లో ఉందని నెలసరి వాయిదా పడే మాత్రలు మెడికల్ షాపులో చీటీ లేకుండానే కొనుక్కోవడం మన దగ్గర మామూలైపోయింది. క్లాట్ వచ్చిన పిల్లకి ఆ హార్మోన్ మాత్రలు ప్రమాదం. తనకి ఈ యాంటీబాడీలుంటే ఆ సంగతి ఆమెకి పెళ్లయ్యాక, గర్భం వచ్చాక కూడా తెలిసి ఉండాలి. ఎందుకంటే ఈ యాంటీబాడీలతో గర్భస్రావాలు కూడా అవుతాయి.

అధికారులకి. ఈ పరీక్షలన్నీ కలిపి ప్రైవేటులో వేలల్లో అవుతాయి, రెండుసార్లు చేయించాలి. కూలి పనికెళ్లే ఇంట్లో రెండోసారి చేయించరు. మొదటిసారే కష్టం. ఆరోగ్యశ్రీలో, ఎన్టీఆర్ వైద్య సేవలో పిల్లల క్లాట్‌కి అడ్మిషన్ ఇచ్చినప్పుడు ఈ పరీక్షల్ని, 12 వారాల రిపీట్‌ని కూడా కలిపి ఒకే ప్యాకేజీగా పెట్టండి. ప్రతి జిల్లాలో ఈ లాబ్ పెట్టమని అడగను, ప్రతి జిల్లాలో అంత ఎక్కువ కేసులు ఉండవు. తెలంగాణకి హైదరాబాద్, వరంగల్, ఆంధ్రకి విశాఖ, గుంటూరు, కర్నూలు, తిరుపతి బోధనాసుపత్రుల్లో ఉంటే చాలు. జిల్లా నుంచి డీప్ ఫ్రీజ్ చేసిన ప్లాస్మా అక్కడికి చేరాలి. దానికి కొత్తగా కొనాల్సిందేమీ లేదు. ప్లాస్మా నిల్వచేసే బ్లడ్ బ్యాంకుల్లో మైనస్ 30 డిగ్రీలకి దిగే డీప్ ఫ్రీజర్ ఇప్పటికే ఉంది. అందులో ఒక అర ఈ శాంపిల్స్‌కి కేటాయించమని సూపరింటెండెంట్లు ఒక్క మెమో ఇస్తే అయిపోతుంది. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ బండ్లు పీహెచ్‌సీల నుంచి హబ్‌లకి రోజూ శాంపిల్స్ మోస్తూనే ఉన్నాయి. డ్రై ఐస్ పెట్టె ఒకటి అందులో పట్టదా?

చివరగా మా పాథాలజిస్టులకి. మందు వాడని పిల్లలో ఏపీటీటీ పెరిగితే అంకె వేసి వదిలేయకండి. కింద ఒక వాక్యం కలపండి: "మిక్సింగ్ స్టడీలో సరికాలేదు, లూపస్ యాంటీకోయాగ్యులెంట్ ఉండే అవకాశముంది, పేషెంటుకి క్లాట్ ఉందేమో చూడండి." ఆ వాక్యం రాసే అధికారం మాకు లేదు. మీకుంది.

ఇట్లు,
ఒక లాబ్ టెక్నీషియన్